వడ్ల లాటూ, డీబగ్గరూ

మనవాళ్ళకి డీబగ్గర్ కన్నా సిస్టం డాట్ అవుట్ మీదే నమ్మకం ఎక్కువ. ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా "ఇక్కడికొచ్చింది", "ఇక్కడిక్కూడా వచ్చింది" అని ప్రింట్లు పెట్టుకుంటూ పోతారు. వాళ్ళనేమీ అనలేం. డీబగ్గర్ తెరిస్తే కనిపించేదేమిటి? ఆబ్జెక్టు పేరు, పక్కన చిన్న బాణం, నొక్కితే పది ఫీల్డులు, వాటి పక్కన మళ్ళీ బాణాలు. మన లెక్క తప్ప అన్నీ కనిపిస్తాయి.

ఆబ్జెక్టు ఎలా కనిపించాలో దాన్ని రాసినవాడే చెప్పుకోగలిగితే? ఇది కొత్త ఆలోచనేం కాదు. 1980ల నాటి స్మాల్‌టాక్‌లో ఇన్‌స్పెక్టర్ని కూడా స్మాల్‌టాక్‌లోనే రాశారు కాబట్టి ఎవరైనా మార్చుకోవచ్చు. స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయంలో ఆంద్రే కిష్ దీని మీదే పరిశోధన చేశాడు. ట్యూడర్ గిర్బాతో కలిసి వాళ్ళు చేసిన ఇన్‌స్పెక్టర్ ఫారోలోకి వచ్చింది. ఇప్పుడు గ్లామరస్ టూల్‌కిట్‌లో ఏ క్లాసుకైనా పది పన్నెండు లైన్లలో సొంత వ్యూ రాసుకోవచ్చు.

ఈ సంగతి మా వైపు కుర్రాళ్ళకి చూపిద్దామని మూడు వారాంతాలు మూడు ఊళ్ళు తిరిగాను. సూర్యాపేటలో వచ్చినవాళ్ళంతా ఇంటినుంచి జావా పని చేసుకుంటున్నవాళ్ళే. ఐదు నిమిషాలు చూసి, "బాగుందన్నా, మా కంపెనీ లాప్‌టాప్‌లో ఇది ఎక్కనిస్తారా?" అన్నారు. ఎక్కనివ్వరు. అయితే అక్కర్లేదు కూడా. విజువల్ స్టూడియోలో 2005 నుంచే డీబగ్గర్ డిస్‌ప్లే ఉంది, సీ ప్లస్ ప్లస్ వాళ్ళకి 2012 నుంచి నాట్‌విస్ ఉంది. జీడీబీలో 2009లో పైథాన్‌తో ప్రెటీ ప్రింటర్లు వచ్చాయి. ఇంటెల్లిజేలో టైప్ రెండరర్లున్నాయి. వంట సామానంతా ఇంట్లోనే ఉంది, మనమే పొయ్యి వెలిగించట్లేదు.

కోదాడలో బీటెక్ ఆఖరి ఏడాది పిల్లలు. మొదటి ప్రశ్నే, "సార్, ఇది ఇంటర్వ్యూలో అడుగుతారా?" నవ్వు రాలేదు నాకు. ఫీజు కట్టి కోర్సు మీద కోర్సు చేసే పిల్లాడు ఆ ప్రశ్న అడక్క ఏం చేస్తాడు? అడగరని ఉన్నమాటే చెప్పాను. ఉద్యోగం వచ్చాక రోజులో సగం మాత్రం ఎవడో రాసిన కోడ్ చదవడంతోనే సరిపోతుందనీ, దాన్ని ఎలా చూడాలో ఏ కోచింగ్ సెంటర్లోనూ చెప్పరనీ అన్నాను.

ఇక మిర్యాలగూడ. రైసు మిల్లుల ఊరు కదా, అక్కడొక కుర్రాడు వడ్ల కొనుగోలుకి ప్రోగ్రాం రాస్తున్నాడు. ఇంకా మిల్లుకి ఇవ్వలేదు. టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి. అతని 'లాట్' ఆబ్జెక్టునే తీసుకుని, ఫీల్డుల జాబితా బదులు కాంటా చీటీలా కనిపించేట్టు ఒక వ్యూ రాయించాను. బస్తాలు, తూకం, తేమ, బస్తాకి తరుగు, మొత్తం తరుగు, రైతుకి రావలసింది. పదిహేను లైన్లు కూడా కాలేదు.

ఆ కుర్రాడు తోడు తెచ్చుకున్న గుమస్తా గారు అప్పటిదాకా ఓ మూల కూర్చుని టీ తాగుతున్నారు. తెర మీద చీటీ చూడగానే లేచొచ్చారు. "ఇదేంది సారూ, బస్తాకి కిలో రెండొందల గ్రాములని నేనే రాయిస్తి. రెండు కిలోలు పడ్డదేంది?"

ప్రోగ్రాం బస్తా బస్తాకీ తరుగుని పై కిలోకి సర్దేస్తోంది. టెస్టుల్లో అన్నీ నిండు కిలోలే ఇచ్చారు కాబట్టి దొరకలేదు. నలభై కిలోల బస్తాలు 240. పోవలసింది 288 కిలోలు, పోయింది 480. తేడా 192 కిలోలు. 2025-26 మద్దతు ధర, సాధారణ రకం క్వింటాలుకి 2,369 రూపాయల చొప్పున వేసుకున్నా నాలుగున్నర వేల పైమాటే. తరుగు పేరెత్తితే మా రైతులకి ఎంత మంటో నేను వేరే చెప్పక్కర్లేదు. ఈసారి ఎవరూ దురాశ పడకుండానే, ఒక్క సీలింగ్ ఫంక్షన్ వల్ల, ఆ డబ్బు పోయేది.

480 అన్న అంకె పాత ఇన్‌స్పెక్టర్లోనూ ఉంది. ఆ కుర్రాడు వంద సార్లు చూసుంటాడు. తప్పు పట్టగలిగిన మనిషికి మాత్రం అది కనిపించే రూపంలో లేదు. ఈ పనిముట్ల గొప్పతనం మనకి వేగంగా బగ్ దొరకడం ఒక్కటే కాదనిపిస్తుంది. కోడ్ తెలియని గుమస్తా గారు, నర్సమ్మ, బ్యాంకు కౌంటర్లో పెద్దాయన, వీళ్ళంతా మన డీబగ్గర్ ముందు కూర్చుని "ఇదేంది?" అని అడగగలగడం.

మీరూ ఈ వారం ఒక్క క్లాసు ఎంచుకుని దానికో వ్యూ రాసి చూడండి. రాశాక పక్క సీటు ప్రోగ్రామరుకి కాదు, ఆ లెక్క చేత్తో వేసే మనిషికి చూపించండి.