పాదరక్షణము

కాలు నడచినంతకాలము దాని విలువ మనకు తెలియదు. పొలమునకు, సంతకు, బడికి మనలను మోసికొనిపోవు పాదములను శ్రద్ధగా చూచువారు అరుదు. నేను తెలుగు ఉపాధ్యాయుడను, అనంతపురమున శిక్షణ పొందినవాడను, వైద్యపండితుడను కాను. అయినను మా యింట జరిగిన యొక సంగతివలన నేర్చుకొన్నదానిని విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును చెప్పుట నా విధియని తలంచుచున్నాను.

గుండెనుండి రక్తమును అవయవములకు కొనిపోవు నాళములను ధమనులందుము; కన్నడమున అపధమనులందురు. ఆసుపత్రికి పోవునప్పుడు మన పిల్లలకు రెండు మాటలును తెలిసియుండుట మేలు. మోకాలి దిగువ ముఖ్యమైన ధమనులు మూడు. అవి మిక్కిలి సన్ననివి. బీడీ, చుట్టల వలనను, మధుమేహము వలనను, వయోభారము వలనను వాని గోడలకు కొవ్వు, సున్నము పేరుకొనును. తుంగభద్ర కాలువ పూడినచో చివరి మడి యెండును గదా! కాలివ్రేళ్ల గతియు నట్టిదే.

మా మేనమామకు కొంతదూరము నడువగానే పిక్కలు పట్టుకొనెడివి. నిలిచినచో నొప్పి తగ్గెడిది. ముసలితనమని ఆయన ఊరకుండెను. పిమ్మట బొటనవ్రేలి పుండు నెలలు గడచినను మానక నల్లబడెను. ఒక వైద్యుడు మోకాలి దిగువ కాలు తీసివేయవలెననెను. “కాలు పోయిన తరువాత సేద్యమెట్లురా?” అని మామ నన్నడిగినప్పుడు నాకు మాట రాలేదు. మరియొక వైద్యుడు పాదముమీదను, లోపలి చీలమండ వెనుకను నాడి పరీక్షించి, ముందు రక్తమార్గమును తెరువ యత్నింతమనెను.

ఈ చికిత్స పుట్టుటకు ఒక వృద్ధురాలి పట్టుదలయు కారణమే. అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరమున 82 ఏండ్ల యామె, పాదము కుళ్లుచున్నను, కాలు తీయుటకు ఒప్పుకొనలేదు. 1964 జనవరి 16న ఛార్లెస్ డాటర్ అను వైద్యుడు ఆమె తొడధమనిలోనికి సన్నని గొట్టములను పోనిచ్చి దారి వెడల్పు చేసెను. పాదము వెచ్చనయ్యెను, ఆమె కాలు దక్కెను. 1974లో జ్యూరిచ్ నగరమున ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ చిన్న బుడగగల గొట్టమును కాలిధమనులకు వాడెను. దీనినే బెలూన్ ఆంజియోప్లాస్టీ యందురు.

మామకు చేసినదియు నదియే. గజ్జవద్ద సూదితో గ్రుచ్చి, ఎక్స్‌రే తెరపై చూచుచు, సన్నని తీగను అడ్డంకి దాటించి, బుడగను ఉబ్బించిరి. మత్తు ఆ చోటికి మాత్రమే. పెద్ద కోత లేదు. బొటనవ్రేలు పోయినది, కాలు నిలిచినది.

అయితే ఇది సర్వరోగనివారిణి కాదు. తెరచిన దారి మరల మూసికొనవచ్చును. కొందరికి శస్త్రచికిత్సయే తగును. కుళ్లు ప్రాకినచో ప్రాణరక్షణకై కాలు తీయక తప్పదు. బీడీ మానుట, చక్కెరను అదుపున నుంచుట, మందులు విడువకుండుట రోగి వంతు.

విద్యార్థులారా! మీ తాతల, అవ్వల పాదములను దినమున కొకసారి చూడుడు. చల్లని పాదము, మానని పుండు, నల్లబడిన వ్రేలు కనబడినచో ఆకుపసరులతో దినములు గడుపనీయకుడు. వెంటనే ఆసుపత్రికి తోడ్కొనిపొండు. కాలు తీయవలెనన్నచో, “ముందుగా రక్తమార్గమును పరీక్షించితిరా?” యని వినయముతో అడుగుడు. ఏ భాషలో నడిగినను అది న్యాయమైన ప్రశ్నయే.