మోకాలి మార్పిడికి వయస్సెంత?

మోకాలి నొప్పి యనగానే అది వార్ధక్యపు బాధయని మనలో ననేకులు తలంతురు. కాని కీళ్లజబ్బు వయస్సు నడిగి వచ్చునది కాదు. రుమటాయిడ్ కీళ్లవాతము పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లధికముగా వచ్చుచున్నది. అది నడివయస్సు రాకముందే మోకాళ్లను తినివేయుటయు కలదు.

మా తోడికోడలికి ఈ వ్యాధి వచ్చి చాలకాలమైనది. బడిలో ఉపాధ్యాయినిగా నున్న ఆమె 46వ యేట మెట్లెక్కుటకు గోడ పట్టుకొనవలసివచ్చెను. మందులు వ్యాధి నణచినవి గాని, అరిగిన కీలును తిరిగి తేలేకపోయినవి. వైద్యుడు మోకాలి మార్పిడి మాట యెత్తగా, ఇంటి పెద్దలు "ఈ వయస్సున కోత యేల తల్లీ? అరువది వచ్చుదాక ఓర్చుకొనుము" అనిరి. ఆమె మావైపు తిరిగి, "అక్కయ్యా, ఈ పదునాలుగేండ్లును నా బ్రదుకులోనివి కావా?" అని యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

పెద్దల మాటలోను న్యాయము లేకపోలేదు. ఈ చికిత్సలో అరిగిన యెముకల కొనలను పలుచగా కోసి, లోహపు తొడుగులమర్చి, నడుమ గట్టి ప్లాస్టిక్ పలక నుంచుదురు. ఆ పలక వాడుకచే అరుగవచ్చును. తొడుగులు వదులు కావచ్చును. 2019లో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడిన పరిశీలన ప్రకారము నూటికి సుమారు 82 మోకాళ్లు 25 ఏండ్లు నిలుచును. అయినను 2017లో అదే పత్రిక ప్రకటించిన బ్రిటిష్ లెక్కలు చూడుడు. 70 ఏండ్లు దాటి చేయించుకొన్నవారిలో, జీవితకాలమున మరల శస్త్రచికిత్స అవసరమగువారు నూటికి సుమారు అయిదుగురు. 50 దాటిన తొలియేండ్లలో చేయించుకొన్న పురుషులలో సుమారు 35 మంది, స్త్రీలలో సుమారు 20 మంది. ఆ రెండవ శస్త్రచికిత్స మొదటిదానికంటె కష్టమైనది.

మోకాలు ఒకవైపు మాత్రమే అరిగినచో ఎముక వంపు సరిచేయుటయో, సగము కీలు మార్చుటయో చాలవచ్చును. కాని రుమటాయిడ్ రోగులకు ఇవి సాధారణముగా సరిపడవు. ఊరక వేచియుండుటయందును నష్టము కలదు: తొడ కండరములు క్షీణించును, కాలు వంగి బిగిసిపోవును.

ఇవన్నియు తెలిసికొని ఆమెయే నిర్ణయించుకొన్నది. ముందుగా ఒక మోకాలు మార్పించుకొన్నది. నెలలకొలది వ్యాయామము చేసి, నేడు బడికి నడచిపోవుచున్నది. పీటమీద కూర్చుండుట మానినది. వాకిట ముగ్గు పిల్లలచే వేయించుచున్నది.

సోదరీమణులారా! మోకాలు నొచ్చినంతనే శస్త్రచికిత్సకు తొందరపడుడని మేము చెప్పుట లేదు. అధికమైన బరువు తగ్గించుకొనుట, తొడ కండరములకు వ్యాయామము, తగిన మందులు ముందుగా చూడదగినవి. అవి యన్నియు విఫలమైనప్పుడు "నీ కింకను వయస్సు చాలదు" అను నొక్క మాట విని మరలి రాకుడు. ఎన్ని యేండ్లు హాయిగా నడువగలను, మరల కోత పడు అవకాశమెంత, నేను మానుకొనవలసిన పనులేవి అని వైద్యుని అడుగుడు. నొప్పి యెవరిదో, నిర్ణయమును వారిదే కావలయును.