టైడాలో తాబేళ్ళ జంట

బాలలూ, విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే బస్సు శృంగవరపుకోట దాటిందంటే కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. మలుపు మలుపుకూ గాలి చల్లబడుతుంది. ఆ దారిలోనే, అడవి నడుమ టైడా ఉంది. చెట్ల మధ్య కర్రతో కట్టిన విడిది ఇళ్ళు, ఎక్కడో కొత్తవలస - కిరండూల్ మార్గంలో పోయే రైలు కూత, అంతే. పక్షులను చూద్దామని వెళ్ళానుగాని, నా రెండు రోజులూ తాబేళ్ళతోనే గడిచిపోయాయి.

నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఉద్యోగరీత్యా అక్కడ కాపురం ఉంటున్నాడు. వాళ్ళ వాకిట్లో ఒక చెక్కపెట్టె, అందులో రెండు నక్షత్ర తాబేళ్ళు ఉన్నాయి. నల్లని డిప్పమీద పసుపు చారలు నక్షత్రాలలాగా విచ్చుకుని ఉంటాయి గనక వాటికి ఆ పేరు.

"మొదట ఒక్కటే ఉండేది, తాతగారూ. పాపం, బెంగపెట్టుకుంటుందని నాన్న రెండోది తెచ్చారు" అన్నది అతని ఎనిమిదేళ్ళ కూతురు.

పెద్దది ఆడది, చిన్నది మగది. మగదాని పొట్ట కింది డిప్ప లోపలికి గుంటపడి ఉంటుంది, తోక పొడుగు. ఆడదాని వీపు మీదికి ఎక్కినప్పుడు జారిపోకుండా ఆ గుంట పనికివస్తుంది.

చూస్తూండగానే మగది ఆడదాని వెంటబడింది. డిప్పతో ఢీకొట్టి మూలకు నెట్టింది. ఆడది తల లోపలికి లాక్కుంది.

"ఆడుకుంటున్నాయి!" అన్నది పాప.

నేను సిగ్గుపడ్డాను. ఎందుకంటారా? శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మంలో కూర్మనాథస్వామి ఆలయం ఉంది. అక్కడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను మందగా పెంచుతారు. ఒకప్పుడు మా బడిపిల్లలను అక్కడికి తీసుకుపోయి, ఇలాగే వెంటబడే తాబేలును చూపించి, "ఆడుకుంటున్నాయి" అని చెప్పినవాణ్ణి నేనే!

నిజానికి తాబేలుకు తోడు అక్కరలేదు. అడవిలో దేని దారి దానిది. జతకట్టే కాలంలో కలుస్తాయి, మళ్ళీ విడిపోతాయి. తల్లి మట్టిని తన నీటితో తడిపి మెత్తపరిచి, గుంట తవ్వి, గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్ళిపోతుంది. పిల్లకు తల్లి ముఖమే తెలియదు. మరో వింత: గుడ్లున్న మట్టి చల్లగా ఉంటే మగపిల్లలు, వెచ్చగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువగా పుడతాయి.

అడవిలో మగది వేధిస్తే ఆడది పొదల్లోకి పోతుంది. పెట్టెలో ఎక్కడికి పోతుంది? అస్తమానం వీపెక్కుతూ ఉంటే అది మేత మానేసి చిక్కిపోతుంది.

"నాలుగు రోజులుగా పెద్దది ఏమీ తినడం లేదు, మాస్టారూ. జబ్బేమో అనుకున్నాం" అన్నాడు నా శిష్యుడు.

"జబ్బు కాదు నాయనా, నువ్వు తెచ్చిన తోడు" అన్నాను. కాస్త కటువుగానే అన్నాను. నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని కూడా చెప్పాను. అతని ముఖం పాలిపోయింది.

"అయితే వెనక కొండమీద వదిలేద్దామా?" అన్నది పాప, కళ్ళనిండా నీళ్ళతో.

అదీ తగదు. ఇవి ఎండ కాసే పొదల నేలల జీవులు. టైడా అడవి దట్టమైనది, తేమగలది. పైగా ఇవి ఎక్కడ పుట్టినవో, ఏ జబ్బు మోసుకొచ్చాయో ఎవరికి తెలుసు? అటవీశాఖవారికి అప్పగించడమే మేలు. ఆ సాయంత్రమే అతను వారికి కబురుచేశాడు. మర్నాడు వస్తామన్నారు.

రాత్రికి పెట్టె మధ్య ఒక పలక అడ్డం పెట్టాం. మగది చాలాసేపు దాన్ని గీరింది. తెల్లవారి పాప నన్ను చెయ్యిపట్టి లాక్కుపోయింది. ఆడతాబేలు మెడ బారుగా చాచి, తోటకూర ఆకును కొరుకుతున్నది.