మేం చూడని సినిమాకు అవార్డు వచ్చింది!

సినిమా పిచ్చోళ్లకు పండగలు రెండు. ఒకటి అభిమాన హీరో సినిమా రిలీజైన రోజు. రెండోది అవార్డులు ప్రకటించే రోజు. మొదటి పండక్కి కొట్లాట టిక్కెట్ల దగ్గర, రెండో పండక్కి టీకొట్టు దగ్గర. అంతే తేడా!

మేం ముగ్గురం. నాది ప్రొద్దుటూరు. ఒకడిది జమ్మలమడుగు, ఇంకొకడిది పులివెందుల. ప్రొద్దుటూరు కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం గాని, ఒకే హీరోను మాత్రం ఏనాడూ ఒప్పుకోలేదు. అవార్డులొచ్చే రోజున మా మధ్య పందెం తప్పదు. ఓడినవాడు మిగతా ఇద్దరికీ ఉగ్గాని, బజ్జీలు పెట్టించాలి.

2023లో ఆ పండగ ఏడాది పొడుగునా సాగింది. జనవరిలో ‘నాటు నాటు’ పాటకు గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. మార్చి 13 పొద్దున ఆస్కార్! ముగ్గురం టీకొట్టులో ఒకే ఫోను మీదికి వంగి కూర్చున్నాం. పోటీలో రిహానా ఉంది, లేడీ గాగా ఉంది. ‘‘మనకు యాడిస్తార్రా’’ అని నేనంటూనే ఉన్నా, పేరు చదివేశారు. కీరవాణి, చంద్రబోస్ వేదికెక్కారు. చంద్రబోస్ నోట ‘నమస్తే’ అన్న మాట వినపడగానే చేతిలో టీ ఒలికిపోయింది. భారతీయ చిత్రంలోని పాటకు ఆస్కార్ రావడం అదే మొదలు. టీకొట్టాయన ఆ పూట డబ్బులే తీసుకోలేదు!

ఆగస్టు 24న జాతీయ అవార్డులు ప్రకటించారు. 2021 చిత్రాలకు ఇచ్చినవి. ఉత్తమ నటుడు అల్లు అర్జున్! తెలుగు హీరోకు ఆ గౌరవం దక్కడం అదే తొలిసారి. పందెం పులివెందులోడు గెలిచాడు. ఉత్తమ గీత రచయిత చంద్రబోస్ అని వింటూనే ‘‘ఇంకేముంది, నాటు నాటుకే’’ అని ఇద్దరం ఫోన్లోనే ఎగిరాం. జమ్మలమడుగోడు మాత్రం కిక్కురుమనలేదు.

మర్నాడు పందెం బజ్జీలకు కూడా రాలేదు. వాడి దగ్గర్నుంచి మెసేజి వచ్చింది: ‘‘మీరే తినండి. నా సినిమాకు అవార్డొచ్చింది. అది మీకు కనపడనే లేదు.’’

పేపరు తెరిచి మళ్లీ చూశాం. చంద్రబోస్‌కు అవార్డు వచ్చింది ‘నాటు నాటు’కు కాదు. ‘కొండపొలం’లో ‘ధం ధం ధం’ పాటకు!

అప్పుడు గుర్తొచ్చింది. 2021 అక్టోబరులో క్రిష్ తీసిన ఆ సినిమా రిలీజైనప్పుడు వాడు మమ్మల్ని ఎంత బతిమాలాడో! కరువొస్తే గొర్రెల్ని మేపుకోను నల్లమలకు తోలుకుపోయే కాపరుల కథ అది. రాసింది మన కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి. ‘‘మా జేజినాయన బతుకు తెర మీదికొచ్చింది, పోదాం రాండ్రా’’ అన్నాడు వాడు. ‘‘గొర్రెల సినిమాకు ఎవుడొస్తాడ్రా’’ అని నవ్వాం. వాడొక్కడే పోయి చూసొచ్చాడు. ఆ తర్వాత ఆ సినిమా ఊసే మా దగ్గర ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో మేమూ అడగలేదు.

లాస్ ఏంజిలిస్‌లో పేరు చదివితే ఎగిరినోళ్లం, పక్కూరి స్నేహితుడు పిలిస్తే కదల్లేదు!

ఆ ఆదివారమే బజ్జీల పొట్లం పట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కాం. వాడు తలుపు తీసి, పొట్లం వైపు చూసి, ‘‘చల్లారిపోయినాయి గదరా’’ అన్నాడు. అంతే, అలక తీరింది. వాళ్లింటి టీవీలో నలుగురం కూర్చుని ‘కొండపొలం’ చూశాం. నాలుగోవాడు వాళ్ల జేజినాయన. ఆయన సినిమాకంటే ఎక్కువగా గొర్రెల్నే చూశాడు. మధ్యలో ‘‘గొర్రెను అట్ల పట్టుకోరప్పా’’ అని తప్పులు కూడా పట్టాడు. అడవి వచ్చినప్పుడు మాత్రం మాట్లాడలేదు. కళ్లు తుడుచుకున్నాడు.

తిరిగి బస్టాండుకు నడుస్తుంటే పులివెందులోడు ఇంకో బాంబు పేల్చాడు. దక్షిణాది నుంచి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న మొట్టమొదటి వ్యక్తి బి.ఎన్.రెడ్డిది వాళ్ల పులివెందుల తాలూకాలోని కొత్తపల్లేనట! ‘మల్లీశ్వరి’ తీసిన మహానుభావుడు. 1974కు ఆయనకూ, 1986కు తమ్ముడు నాగిరెడ్డికీ ఫాల్కే దక్కింది. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ నిర్మించిన నాగిరెడ్డే! ఒకే ఇంట్లో రెండు ఫాల్కేలు. ‘‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదురా?’’ అంటే, ‘‘నాకూ నిన్ననే తెలిసింది. మీ మాదిరి నేనూ హీరోల లెక్కలే చూసుకుంటి గదా’’ అన్నాడు సిగ్గుపడతా.

మా పందెం ఇంకా నడుస్తోంది. షరతు మాత్రం మారింది. ఎవరి హీరో గెలిచాడన్నది లెక్కలోకి రాదు. అవార్డుల జాబితాలో ఎవడు ఎక్కువ తెలుగు సినిమాలు చూడకుండా వదిలేశాడో వాడే బజ్జీలు పెట్టించాలి. మొదటిసారి నేనే ఓడాను!

మీరూ ఒకసారి జాబితా తీసి చూడండి. బజ్జీల ఖర్చు ఎంతొస్తుందో!