సబ్బు ఏ దారిన వచ్చింది?

నాంపల్లి కిరాణా కొట్లో ఒకరు ‘సాబున్ దేనా భాయ్’ అంటారు, పక్కనున్నవారు ‘బట్టల సబ్బు ఇయ్యన్నా’ అంటారు; ఇద్దరి చేతికీ వచ్చేది ఒకటే బిళ్ల. అందుకే సబ్బు ఉర్దూ నుంచే దిగిందని తేలిగ్గా అనేస్తాం. కానీ దుకాన్ మనకు దుకాణమైంది, మైదాన్ మైదానమైంది, సామాన్ సామానైంది. వీటిలో చివరి అనునాసికం పోలేదు. కన్నడిగుల సాబూనులోనూ నిలిచింది. మరి మన సబ్బులో ఎందుకు రాలిపోయింది? పోర్చుగీసు మాట ‘సబావ్’లో అది ముక్కుతో పలికే లీలామాత్రపు ధ్వనే కాబట్టి, ఆ దారే నాకు దగ్గరగా తోస్తుంది.

నిజాం ఏలిన హైదరాబాదుకు పోర్చుగీసులెప్పుడొచ్చారని అడగొచ్చు. మాట రావడానికి మనిషే రానక్కర్లేదు. మేస్త్రీ, అలమారా పోర్చుగీసు మూలాలవే, అయినా ఇంటింటా ఉన్నాయి. వెనక్కి వెళితే సాబున్, సబావ్ రెండూ లాటిన్ ‘సాపో’ దగ్గర కలుస్తాయి గనక పోలిక ఒక్కటే సాక్ష్యం కాదు. హైదరాబాదులో వినబడే పరాయి మాటలన్నిటినీ ఉర్దూ ఖాతాలో రాసేయడం తొందరపాటే.