రెండక్షరాల దగ్గర ఆగింది!

రాత్రి పదకొండు దాటింది. ఇంట్లో అందరూ నిద్రపోయారు. ముందుగదిలో ఆ కుర్రాడొక్కడే కంప్యూటర్ ముందు బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. తెర నిండా నలుపు. దానిమీద తెల్లగా రెండే రెండు ఇంగ్లిషు అక్షరాలు... 'ఎల్', 'ఐ'. అంతే! ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

2001 నాటి మాట ఇది. అతనప్పుడు ఇంజినీరింగ్ మూడో ఏడు. నాన్న పీఎఫ్ లోను పెట్టి కొనిచ్చిన కంప్యూటర్‌లో, పత్రికతోపాటు వచ్చిన సీడీతో లినక్స్ ఎక్కించాడు. వారం రోజులు బాగానే నడిచింది. ఆ సాయంత్రం ఫైళ్లు సర్దుదామని కొన్నిటిని అటూ ఇటూ మార్చాడు. ఇదీ ఫలితం. నాన్నకు చెప్పే ధైర్యం లేదు. అప్పటికే ఒకటి దాచాడు... రెండో ఏడు మ్యాథ్స్ తప్పిన సంగతి!

పొద్దున్నే సీనియర్ గదికి పరుగెత్తాడు.

'అన్నా, పాడైపోయింది.'

'తెరమీద ఏముంది?'

'రెండక్షరాలు.'

సీనియర్ నవ్వాడు. 'పాడవలేదురా. ఎక్కడ ఆగిపోయిందో అది చెబుతూనే ఉంది. నీకే అర్థంకాలేదు.'

స్విచ్ వేయగానే అప్పటి కంప్యూటర్ డిస్కులోని మొట్టమొదటి భాగాన్ని చదివేది. అది 512 బైట్లే. మిగతా వ్యవస్థను నిద్రలేపే పని అక్కడే మొదలవ్వాలి. తప్పు జరిగితే వివరంగా చెప్పడానికి చోటెక్కడ? అందుకే 'లిలో' అనే లినక్స్ లోడర్‌ను రాసిన వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ దాని పేరునే మైలురాళ్లుగా మార్చాడు. తొలిభాగం మొదలైతే 'ఎల్'. రెండో భాగం మెమరీలోకి వస్తే 'ఐ'. అది పని మొదలుపెడితే మరో 'ఎల్'. అన్నీ సక్రమంగా అందితే 'ఓ'. సాఫీగా సాగిపోయినప్పుడు అది పేరులాగే కనిపిస్తుంది. ఆగినప్పుడే అది రోగం ఎక్కడుందో చెప్పే చీటీ అని తెలుస్తుంది!

మరి 'ఐ' దగ్గరే ఎందుకు ఆగింది? లిలోకు ఫైళ్ల పేర్లతో పనిలేదు. డిస్కులో అవి ఉన్న చోటునే గుర్తుపెట్టుకుంటుంది. కుర్రాడు సర్దిన వాటిలో దాని రెండో భాగం కూడా ఉంది. పాపం లిలో... ఖాళీ చేసి వెళ్లినవాళ్ల ఇంటి తలుపు తట్టింది.

మందు చిన్నదే. ఫ్లాపీతో కంప్యూటర్‌ను లేపి, 'లిలో' ఆదేశాన్ని మరోసారి నడిపితే కొత్త చోటు నమోదవుతుంది. మధ్యాహ్నానికల్లా నాలుగక్షరాలూ వచ్చాయి. ఒక్క ఫైలూ పోలేదు.

ఆ సాయంత్రం నాన్న టీ తాగుతుంటే పక్కన కూర్చుని మ్యాథ్స్ సంగతి చెప్పేశాడు. ఆయన కాసేపు మాట్లాడలేదు. 'ముందే చెబితే ట్యూషన్ పెట్టించేవాణ్ని కదరా' అన్నారంతే.

లిలో అభివృద్ధి 2015తో ఆగింది. దాని చోటును చాలావరకు 'గ్రబ్' తీసుకుంది. ఇప్పటి కంప్యూటర్లు చాలావరకు అందమైన బొమ్మ చూపిస్తూ లేస్తాయి. లోపల ఏం జరుగుతోందో ఆ బొమ్మ చెప్పదు.

నాటి కుర్రాడికి ఇప్పుడు నలభై దాటాయి. తన దగ్గర పనిచేసే పిల్లలకు ఎప్పుడూ ఒకే మాట చెబుతుంటాడు... 'ఆగిపోతే తప్పులేదు. ఎక్కడ ఆగారో చెప్పండి, చాలు!'