ఈ రోడ్డు ఎక్కడ కలుస్తుంది?

ప్లాటు చూడ్డానికి పోతే మనం ఏం అడుగుతాం? గజం ఎంత, తూర్పు ముఖమేనా, రోడ్డు ముప్పై ఫీట్లా నలభయ్యా అనే కదా! ఈసారి ఇంకొక్క మాట కూడా అడగండి: ‘ఈ రోడ్డు పోయి పోయి ఎక్కడ కలుస్తుంది?’

ఎందుకంటారా? మన తాండూరునే చూడండి. 1874లో ఊరి మీదుగా సికింద్రాబాద్–వాడి రైలు మార్గం వచ్చింది. నాపరాయి, కందులు, సిమెంటు ఊరిని పెంచాయి. పాత గల్లీలు ఇరుకే, నిజమే. కానీ ఒక గల్లీలో పెళ్లి పందిరి వేస్తే పక్క గల్లీ పట్టుకుని బజారుకు చేరుకోవచ్చు.

కంది చేలల్లో లేచే వెంచర్ల తీరు వేరు. రైతులందరూ ఒకేసారి అమ్మరు. కొన్నాయన తన సర్వే నంబరు వరకే నక్షా గీయిస్తాడు. రోడ్డును పక్కచేను గట్టు దాకా వదిలితే అన్ని గజాలు పోయినట్టే. అందుకని చివర ఓ ప్లాటు వేసి ప్రహరీ కట్టిస్తాడు. కొన్నేళ్లకు పక్కచేనూ వెంచరవుతుంది, నడుమ గోడ మాత్రం ఉండిపోతుంది. గోడకు అవతలే ఉన్న చుట్టాలింటికి పోవాలన్నా మెయిన్ రోడ్డెక్కి, నాపరాళ్ల లారీలను తప్పించుకుంటూ చుట్టూ తిరగాలి. వెంచర్లు పెరిగేకొద్దీ అందరి బండ్లూ ఆ ఒక్క రోడ్డు మీదే పడతాయి.

మన దగ్గరే ఇలా అనుకోకండి. బారింగ్టన్-లీ, మిలార్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రపంచ నగరాల వీధుల పటాలనూ ఉపగ్రహ చిత్రాలనూ కలిపి పరిశీలించారు. 1975 తర్వాత వేసిన వీధులు చాలా దేశాల్లో ఒకదానితో ఒకటి కలవడం తగ్గిందని 2020లో తేల్చారు. అమెరికాలో 1990ల నడిమి దాకా ఇది ముదిరి, ఆ తర్వాత కాస్త మళ్లింది. జపాన్‌లో, దక్షిణ అమెరికాలోని చాలా ఊళ్లలో మాత్రం వీధులు ఇప్పటికీ బాగానే కలుస్తున్నాయి. అంటే, పట్టుబడితే అయ్యే పనే ఇది.

ఇల్లు కూల్చి మళ్లీ కట్టుకోవచ్చు. వీధి అలా కాదు, రెండువైపులా రిజిస్ట్రేషన్లు అయ్యాక ఇక కదలదు. 1591లో కట్టిన చార్మినార్ దగ్గర కలిసిన నాలుగు దారులు నేటికీ అక్కడే కలుస్తున్నాయి. మంచి గీతైనా చెడ్డ గీతైనా అన్నేళ్లూ నిలుస్తుంది.

కాబట్టి నక్షా మునిసిపల్ ఆఫీసులో ఉన్నప్పుడే నోరు విప్పుదాం. రోడ్డును గట్టు దాకా వదలమందాం. అది కుదరకపోతే, బడికి పోయే పిల్లలు నడవడానికి, సైకిల్ తొక్కడానికి ఒక సందైనా అడుగుదాం. కొనేవాళ్లు అడిగితేనే అమ్మేవాళ్లు వదులుతారు.